డానియెలా హంతుఖోవా కెరీర్: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు, జవాబులు

టెన్నిస్ కబుర్లు మొదలైతే ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "2005లో భూపతితో కలిసి యూఎస్ ఓపెన్ గెలిచింది మన సానియానే కదా!" కాదు. ఆ మిక్స్‌డ్ డబుల్స్ (ఒక మగ, ఒక ఆడ జోడీగా ఆడే ఆట) ఫైనల్లో మహేశ్ భూపతి పక్కన ఆడింది స్లొవేకియాకు చెందిన డానియెలా హంతుఖోవా. ఆ మాట చెప్పగానే ఇంకో పది ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ప్రతిసారీ చెప్పిందే చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తే పోతుందనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. అలా చదివేవాళ్ల కోసమే కొన్ని సంగతులు రెండు మూడు చోట్ల మళ్లీ చెప్పాను.

## పేరు, ఊరు, దేశం

హంతుచోవానా, హంటుకోవానా? అసలు ఎలా పలకాలి?

స్లొవాక్ భాషలో ఆమె ఇంటిపేరులోని ఆ అక్షరం "చ" కాదు, గొంతులోంచి వచ్చే "ఖ". కాబట్టి "హంతుఖోవా" అంటే అసలు పలుకుబడికి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మన పత్రికలు చాలాకాలం "హంతుచోవా" అని రాశాయి. అదేమంత పెద్ద తప్పు కాదు, పాత వార్తలు వెతకాలంటే ఆ రూపమే ఎక్కువ పనికొస్తుంది.

స్లొవేకియా ఆడవాళ్ల పేర్లన్నీ "ఓవా" అనే ఎందుకు ముగుస్తాయి?

అది వాళ్ల వ్యాకరణం. మగవాళ్ల ఇంటిపేరు హంతుఖ్ అయితే ఆడవాళ్లకు హంతుఖోవా అవుతుంది. చెక్ భాషలోనూ ఇదే పద్ధతి. అందుకే నవ్రతిలోవా, క్విటోవా, చిబుల్కోవా అని అన్నీ ఒకే తాళంలో వినిపిస్తాయి. ఇంతమంది ఒకే ఇంటివాళ్లా అని మా ఇంట్లో ఒకరు నిజంగానే అడిగారు. అన్నట్టు, చిబుల్కా అంటే చిన్న ఉల్లిపాయ.

స్లొవేకియా, స్లొవేనియా ఒకటే కాదా?

రెండూ వేర్వేరు దేశాలు. స్లొవేకియా ఒకప్పటి చెకోస్లొవేకియాలో తూర్పు భాగం. 1993 జనవరి 1న చెక్ నుంచి గొడవలేవీ లేకుండా విడిపోయింది. రాజధాని బ్రాటిస్లావా. స్లొవేనియా అయితే యుగోస్లావియా నుంచి బయటికొచ్చిన దేశం, రాజధాని లుబ్లియానా. ఈ తికమకకు ఒక సరదా కొసమెరుపు ఉంది: 2005 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో హంతుఖోవా స్లొవేకియా తరఫున ఆడుతుంటే, నెట్‌కి అవతల ఉన్న కటరీనా స్రెబోత్నిక్‌ది స్లొవేనియా. ఆ రోజు ఎన్ని పత్రికలు రెంటినీ కలిపేసి ఉంటాయో!

ఆమెది ఏ ఊరు? ప్రొఫెషనల్‌గా ఎప్పుడు మారింది?

1983 ఏప్రిల్ 23న పోప్రాడ్‌లో పుట్టింది. తత్రా పర్వతాల పాదాల దగ్గరున్న చిన్న పట్టణం అది. చుట్టుపక్కలంతా మంచుమీద స్కీయింగ్‌కు పేరున్న ప్రాంతం. చిన్నప్పుడే శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చుకుంది. 1999లో ప్రొఫెషనల్‌గా మారింది. ఎత్తు 181 సెంటీమీటర్లు, ఆడేది కుడిచేత్తో, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో.

దేశం విడిపోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. అంటే పుట్టింది చెకోస్లొవేకియాలో, ఆడింది పూర్తిగా స్లొవేకియా జెండా కింద. కొత్త దేశానికి తొలితరం తారల్లో ఆమె ఒకరు.

అంత చిన్న దేశం నుంచి ఇంతమంది మంచి ఆటగాళ్లు ఎలా వచ్చారు?

స్లొవేకియా జనాభా సుమారు 54 లక్షలు. ఒక్క హైదరాబాద్ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. అయినా మిలోస్లావ్ మెచీర్ 1988 సోల్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో స్వర్ణం గెలిచాడు (అప్పటికింకా చెకోస్లొవేకియానే). ఆ తర్వాత కరీనా హబ్షుదోవా టాప్ టెన్‌లోకి వెళ్లింది. డొమినికా చిబుల్కోవా 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్, మాగ్దలేనా రిబారికోవా 2017 వింబుల్డన్ సెమీస్ ఆడారు. మార్టినా హింగిస్ పుట్టింది కూడా ఇప్పటి స్లొవేకియాలోని కోషిట్సేలోనే. చిన్నతనంలో స్విట్జర్లాండ్ వెళ్లిపోయింది కాబట్టి ఆ పేరు స్విస్ ఖాతాలో పడింది.

నా ఉద్దేశంలో కారణం పాత చెకోస్లొవేకియా వదిలివెళ్లిన అలవాటు. క్లబ్బు, మట్టి కోర్టు, పిల్లలకు చిన్నప్పటి నుంచీ పద్ధతిగా కోచింగ్. దేశం రెండైనా ఆ అలవాటు రెండువైపులా మిగిలింది.

## ఎదిగిన రోజులు: 2001 నుంచి 2003 మొదటి వరకు

ఆమె గెలిచిన మొదటి పెద్ద టైటిల్ ఏది?

2001 వింబుల్డన్ మిక్స్‌డ్ డబుల్స్. అప్పటికి వయసు 18. జోడీ చెక్ ఆటగాడు లియోష్ ఫ్రీడ్ల్. ఫైనల్లో మైక్ బ్రయాన్, లీజెల్ హ్యూబర్ జంటపై మొదటి సెట్ పోగొట్టుకుని 4-6, 6-3, 6-2తో గెలిచారు. సింగిల్స్‌లో ఒక్క డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) టైటిల్ కూడా లేకుండానే గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లో నాలుగు అతిపెద్ద టోర్నీల్లో ఒకటి) ట్రోఫీ ఇంటికి తీసుకెళ్లిందన్నమాట.

2002 ఇండియన్ వెల్స్ గెలుపు గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

అదే ఆమెకు మొదటి సింగిల్స్ టైటిల్. చిన్న టోర్నీల్లో ఒకటీ అరా గెలిచి మెట్టు మెట్టుగా పైకి రావడం మామూలు పద్ధతి. హంతుఖోవా మొదటి టైటిలే గ్రాండ్‌స్లామ్‌ల తర్వాత అంత పెద్దదని పేరున్న చోట కొట్టింది. 18వ సీడ్‌గా (టోర్నీలో ర్యాంకు ప్రకారం ఇచ్చే వరుసలో పద్దెనిమిదో స్థానంతో) దిగి, ఫైనల్లో మాజీ నంబర్ వన్ హింగిస్‌ను 6-3, 6-4తో ఓడించింది. ఇద్దరూ పుట్టింది నేటి స్లొవేకియా నేలమీదే కాబట్టి, కాలిఫోర్నియా ఎడారిలో జరిగిన ఆ ఫైనల్ ఒకరకంగా పోప్రాడ్‌కీ కోషిట్సేకీ మధ్య పోటీ.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. విలియమ్స్ అక్కచెల్లెళ్లు (వీనస్, సెరెనా) 2001లో అక్కడ ప్రేక్షకులు గేలి చేసిన చేదు అనుభవం తర్వాత చాలా ఏళ్లు ఆ టోర్నీకి రాలేదు. అందువల్ల గెలుపు విలువ తగ్గిందని నేననను. ఎదురుగా ఉన్నవాళ్లనే కదా ఎవరైనా ఓడించేది.

ఇండియన్ వెల్స్‌కీ ఇండియాకీ ఏమైనా సంబంధం ఉందా?

లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడారి మధ్య ఉన్న ఊరి పేరు అది. అక్కడ "ఇండియన్" అంటే అమెరికా ఆదివాసులు.

2002లో గ్రాండ్‌స్లామ్‌లలో ఎలా ఆడింది?

ఆ ఏడాది ఆమెకు ఊపిరాడనంత ఆట. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కెవిన్ ఉల్యెట్‌తో మిక్స్‌డ్ టైటిల్ గెలిచింది. అదే టోర్నీలో అరాంచా సాంచెజ్ వికారియోతో కలిసి మహిళల డబుల్స్ ఫైనల్ చేరి, హింగిస్, రష్యాకు చెందిన అన్నా కోర్నికోవా జంట చేతిలో ఓడింది. వింబుల్డన్ సింగిల్స్ క్వార్టర్స్, మిక్స్‌డ్ ఫైనల్. యూఎస్ ఓపెన్ సింగిల్స్ క్వార్టర్స్. రెండు క్వార్టర్స్‌లోనూ ఎదురైంది సెరెనా, ఆ ఏడాది సెరెనాను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

సీజన్ చివర్లో ఎంపికైన కొద్దిమందికే చోటుండే డబ్ల్యూటీఏ చాంపియన్‌షిప్స్‌కూ అర్హత సాధించింది. సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ మూడూ ఒకే ఏడాదిలో ఇంత లోతుగా ఆడటం ఒంటికి ఎంత భారమో ఈ రోజుల్లో టాప్ ప్లేయర్లు డబుల్స్‌కు ఎందుకు దూరంగా ఉంటున్నారో చూస్తే అర్థమవుతుంది.

ఫెడ్ కప్‌ను స్లొవేకియా నిజంగా గెలిచిందా?

గెలిచింది, 2002లో. అది దేశాల మహిళా జట్ల మధ్య జరిగే పోటీ. స్పెయిన్‌లోని కానరీ దీవుల్లో జరిగిన ఫైనల్లో ఆతిథ్య జట్టునే 3-1తో ఓడించింది. హంతుఖోవా తన రెండు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. జట్టులో యానెట్ హుసారోవా, హెన్రియెటా నాగ్యోవా, మార్టినా సుఖా కూడా ఉన్నారు. దేశం పుట్టి పదేళ్లు నిండకుండానే ప్రపంచ జట్టు టైటిల్! ఆ పోటీ పేరు ఇప్పుడు బిల్లీ జీన్ కింగ్ కప్. 2024లో స్లొవేకియా మళ్లీ ఫైనల్ చేరింది కానీ ఇటలీ చేతిలో ఓడింది. కాబట్టి ఇప్పటికీ 2002 కప్పే వాళ్లకు ఏకైక కప్పు.

ఆమె అత్యుత్తమ ర్యాంకు ఎంత?

సింగిల్స్‌లో 5. 2003 జనవరిలో, ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్స్‌లో వీనస్ చేతిలో ఓడిన తర్వాత ఆ స్థానానికి చేరింది. అప్పటికి ఆమెకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. డబుల్స్‌లోనూ అత్యుత్తమం 5 కావడం విశేషం.

## కిందికి జారిన రోజులు

2003లో ఒక్కసారిగా ఏమైంది?

ఐదో ర్యాంకుకు చేరాక ఆట తడబడింది. అందరికీ గుర్తుండిపోయింది ఆ ఏడాది వింబుల్డన్ రెండో రౌండ్. జపాన్‌కు చెందిన షినోబు అసాగోయెపై మొదటి సెట్ 6-0తో గెలిచి, చివరికి 0-6, 6-4, 12-10తో మ్యాచ్ పోగొట్టుకుంది. అప్పట్లో వింబుల్డన్ ఆఖరి సెట్‌లో టైబ్రేక్ లేదు, ఎవరో ఒకరు రెండు గేమ్‌ల తేడా తెచ్చేదాకా ఆడాల్సిందే. కోర్టులోనే కన్నీళ్లు పెట్టుకుంది. 2004లో ర్యాంకు యాభై కిందికి పడిపోయింది.

పందొమ్మిదేళ్లకే టాప్ ఫైవ్‌కు వెళ్లినవాళ్ల మీద ఉండే టెన్షన్ బయటివాళ్లకు తెలిసేది కాదు. ప్రతి వారం అవతలివాళ్లు ఆమె ఆటను చదువుకుని వస్తారు. నిరుడు గెలిచిన చోటల్లా మళ్లీ గెలవకపోతే ర్యాంకు పాయింట్లు కరిగిపోతాయి. మొదటిసారి ఎక్కడం కంటే ఎక్కిన చోట నిలబడటమే గట్టి పని.

ఆమెకు ఏదో జబ్బు ఉందని చదివాను, నిజమేనా?

ఆ రోజుల్లో ఆమె బాగా సన్నబడటం అందరికీ కనిపించింది. పత్రికలు తోచిన జబ్బు పేర్లు పెట్టేశాయి. జబ్బేమీ లేదని ఆమె అప్పుడే చెప్పింది. ఇరవై ఏళ్ల అమ్మాయి మ్యాచ్ ఓడి ప్రెస్ మీట్‌కు వస్తే ఫోర్‌హ్యాండ్ గురించి కాకుండా బరువు గురించి అడిగారు. అది వాళ్ల తప్పు. ఆ ఊహాగానాలను ఇప్పుడు మనం మళ్లీ తిరగేయాల్సిన అవసరం లేదు.

కోలుకోవడానికి ఎవరు సాయపడ్డారు?

కెరీర్‌లో ఎక్కువకాలం ఆమెతో ఉన్న కోచ్ ఇంగ్లండ్‌కు చెందిన నైజెల్ సియర్స్. తర్వాత ఆయన ఆనా ఇవనోవిచ్‌తోనూ పనిచేశారు. ఆండీ ముర్రేకు మామగారు కూడా. ఇక ఆమె ముఖంలో నవ్వు తిరిగొచ్చింది డబుల్స్, మిక్స్‌డ్ ఆటల్లోనే అని నాకనిపిస్తుంది. 2005 జనవరిలో డొమినిక్ హర్బాటీతో కలిసి పెర్త్‌లో స్లొవేకియాకు హాప్‌మన్ కప్ (ఒక మగ, ఒక ఆడ ఆటగాళ్ల జట్లతో దేశాలు తలపడే పోటీ) తెచ్చింది. అదే ఏడాది రెండు గ్రాండ్‌స్లామ్ మిక్స్‌డ్ టైటిళ్లు గెలిచింది.

## మిక్స్‌డ్ డబుల్స్, మనవాళ్ల సంగతి

కెరీర్ గ్రాండ్‌స్లామ్ అంటే ఏమిటి? ఆమె అది సాధించిందా?

ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ నాలుగింటినీ కెరీర్‌లో ఎప్పుడో ఒకప్పుడు, కనీసం ఒక్కోసారి గెలిస్తే కెరీర్ గ్రాండ్‌స్లామ్ అంటారు. ఒకే ఏడాదిలో గెలవాల్సిన పని లేదు. మిక్స్‌డ్ డబుల్స్‌లో హంతుఖోవా దాన్ని 2005 యూఎస్ ఓపెన్‌తో పూర్తి చేసింది. అప్పటికి చరిత్రలో ఆ ఘనత సాధించిన ఐదో మహిళ మాత్రమే. అప్పుడామెకు 22 ఏళ్లు.

నాలుగూ ఎవరెవరితో గెలిచింది?

ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. నాలుగు టైటిళ్లు, నలుగురు జోడీలు, నాలుగు దేశాలు.

2001 వింబుల్డన్ చెక్ ఆటగాడు లియోష్ ఫ్రీడ్ల్‌తో. 2002 ఆస్ట్రేలియన్ ఓపెన్ జింబాబ్వే ఆటగాడు కెవిన్ ఉల్యెట్‌తో. 2005 ఫ్రెంచ్ ఓపెన్ ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ సాంతోరోతో. 2005 యూఎస్ ఓపెన్ మహేశ్ భూపతితో.

ఈ నలుగురి ఆటలకూ పొంతన ఉండదు. సాంతోరో అయితే ఫోర్‌హ్యాండ్ కూడా రెండు చేతులతో కొడుతూ బంతిని ఎటు తిప్పుతాడో తెలియని మాయగాడు. భూపతి బలం సర్వీస్, నెట్ దగ్గర చురుకుదనం. పక్కవాడు మారిన ప్రతిసారీ తన ఆటను అతనికి తగ్గట్టు సర్దుకుని టైటిల్ వరకూ వెళ్లింది. దాన్ని అదృష్టం అనలేం.

భూపతితో గెలిచిన ఆ ఫైనల్ వివరాలేంటి?

2005 యూఎస్ ఓపెన్ ఫైనల్లో కటరీనా స్రెబోత్నిక్, నెనాద్ జిమోనిచ్ జంటను హంతుఖోవా, భూపతి 6-4, 6-2తో ఓడించారు. పెద్దగా కష్టపడకుండానే ముగిసిన మ్యాచ్.

దీనికి ముందొక కథ ఉంది. 2002 వింబుల్డన్ మిక్స్‌డ్ ఫైనల్లో హంతుఖోవా, ఉల్యెట్ జంటను 6-2, 1-6, 6-1తో ఓడించింది ఇదే భూపతి! అప్పుడు అతని జోడీ రష్యాకు చెందిన ఎలెనా లిఖోవ్‌త్సేవా. మూడేళ్ల కిందట కప్పు లాక్కున్నవాడితోనే చేతులు కలిపి ఇంకో కప్పు అందుకుంది. డబుల్స్ లోకంలో ఇవన్నీ మామూలే, ఇవాళ్టి ప్రత్యర్థి రేపటి జోడీ.

లియాండర్ పేస్‌తో కూడా ఆడిందా?

అతనికి ఎదురుగా ఆడింది. 2005 ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్లో హంతుఖోవా, సాంతోరో జంట 3-6, 6-3, 6-2తో పేస్, మార్టినా నవ్రతిలోవాలపై గెలిచింది. కాబట్టి ఆ ఏడాది మన పత్రికల్లో ఆమె పేరు రెండుసార్లు పడింది. జూన్‌లో పేస్‌ను ఓడించిన అమ్మాయిగా, సెప్టెంబర్‌లో భూపతిని గెలిపించిన అమ్మాయిగా.

మరి సానియా మీర్జా ఆ కప్పు గెలిచిందని అందరూ ఎందుకు అనుకుంటారు?

కాలం, మనుషులు కలిసిపోయాయి. 2005 ఫిబ్రవరిలో సానియా సొంతూరు హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్ సింగిల్స్‌లో నాలుగో రౌండ్‌కు వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. మన ఇళ్లలో చాలామంది టెన్నిస్ చూడటం మొదలుపెట్టిందే అప్పుడు. అదే టోర్నీలో భూపతి మిక్స్‌డ్ గెలిచాడు. ఆ తర్వాత సానియా, భూపతి నిజంగానే కలిసి 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్ గెలిచారు. జ్ఞాపకంలో అన్నీ ఒకే ముద్దయ్యాయి.

సానియా యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ కూడా గెలిచింది. అయితే అది 2014లో, బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో. మిక్స్‌డ్‌లో సానియాకు దక్కనిది ఒక్క వింబుల్డనే. సానియా అంతటి డబుల్స్ ప్లేయర్‌కే ఆ నాలుగోది చిక్కలేదంటే హంతుఖోవా నాలుగూ పూర్తి చేయడం ఎంత అరుదో లెక్క వేసుకోండి.

మిక్స్‌డ్ డబుల్స్ అంత సీరియస్ ఆటేనా? ర్యాంకుకు పనికొస్తుందా?

ర్యాంకు పాయింట్లేవీ రావు. అందుకే సింగిల్స్ టాప్ ప్లేయర్లు చాలామంది దాన్ని పట్టించుకోరు. "సరదా ఆట" అనే చిన్నచూపు అక్కడి నుంచే వచ్చింది. కానీ ఆమె ఆడిన రోజుల్లో డ్రాలో (ఆడేవాళ్ల జాబితాలో) ప్రపంచంలోని మేటి డబుల్స్ ఆటగాళ్లు చాలామంది ఉండేవాళ్లు. మగవాడి సర్వీస్‌ను అమ్మాయి రిటర్న్ చేయాలి. ప్రత్యర్థులు ఎక్కువ బంతులు ఆమె వైపే కొడతారు. బలహీనమైన చోట కొట్టడమే వాళ్ల పని కదా! జంట గెలవాలంటే ఆ దాడిని అమ్మాయి తట్టుకోవాలి. హంతుఖోవా రిటర్న్ అక్కడే అక్కరకొచ్చింది. బంతిని త్వరగా అందుకుని, చదునుగా, కాళ్ల దగ్గరికి కొట్టేది.

## రెండో ఊపు: 2006 నుంచి 2008

సెరెనాను ఎప్పుడైనా ఓడించిందా?

ఓడించింది. 2006 ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌లో, డిఫెండింగ్ చాంపియన్ సెరెనాపై 6-1, 7-6తో. అప్పుడు సెరెనా పూర్తి ఫిట్‌నెస్‌తో లేదన్నది నిజమే. అయినా ఫిట్‌నెస్ లేని సెరెనాను ఓడించడం కూడా చాలామందికి చేతకాలేదు. తర్వాతి రౌండ్‌లో షరపోవా చేతిలో హంతుఖోవా ఇంటిముఖం పట్టింది.

మొదటి టైటిల్‌కీ రెండో టైటిల్‌కీ మధ్య ఐదేళ్లు పట్టిందా?

సింగిల్స్‌లో అవును. 2002 ఇండియన్ వెల్స్ తర్వాత మళ్లీ గెలిచింది 2007లో, అదీ ఇండియన్ వెల్స్‌లోనే. ఫైనల్లో స్వెత్లానా కుజ్నెత్సోవాపై స్కోరు 6-3, 6-4. ఐదేళ్ల కిందట హింగిస్‌పైనా సరిగ్గా అదే స్కోరు. ఎవరైనా కథలో రాస్తే అతికినట్టు లేదంటాం. అదే ఏడాది అక్టోబర్‌లో ఆస్ట్రియాలోని లింజ్ టైటిల్ కూడా గెలిచి టాప్ టెన్‌లోకి తిరిగొచ్చింది.

2008 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీస్‌లో ఏం జరిగింది?

సింగిల్స్‌లో ఆమె ఆడిన ఒకే ఒక్క గ్రాండ్‌స్లామ్ సెమీఫైనల్ అది. క్వార్టర్స్‌లో అగ్నియెష్కా రద్వాన్‌స్కాను తేలిగ్గా ఓడించి వచ్చింది. ప్రత్యర్థి ఆనా ఇవనోవిచ్.

మొదటి ఎనిమిది గేమ్‌లూ వరుసగా హంతుఖోవావే. 6-0, 2-0. ఇవనోవిచ్‌కు కాళ్లు కదల్లేదు, బంతులు లైన్ బయట పడ్డాయి. ఇక ఫైనల్ ఖాయమనుకున్న చోట ఇవనోవిచ్ ఒక గేమ్ గెలిచింది. ఆ ఒక్క గేమ్‌తో ఆమె చేతులు వదులయ్యాయి, గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. ఇటు హంతుఖోవా సర్వీస్ బిగుసుకుంది. చివరి స్కోరు 0-6, 6-3, 6-4. ఫైనల్లో ఇవనోవిచ్‌ను షరపోవా ఓడించింది.

ఎనిమిది గేమ్‌లు వరుసగా గెలవడం ఒక్కోసారి శాపమే. అవతలివాళ్లకు పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు, ఇవతలివాళ్లకు గెలుపు మరీ దగ్గర్లో కనిపిస్తుంది. ఆ ఏడాదే పాదంలో ఎముక చిట్లి కొంతకాలం ఆటకు దూరమైంది.

## చివరి దశ

పట్టాయాలో అన్నిసార్లు ఎలా గెలిచింది?

థాయ్‌లాండ్‌లోని పట్టాయా ఓపెన్‌ను 2011, 2012, 2015లో మూడుసార్లు గెలిచింది. ఉక్కపోత, హార్డ్ కోర్టు, మరీ భారీగా లేని డ్రా, ఆస్ట్రేలియన్ ఓపెన్ అయిన వెంటనే వచ్చే తేదీలు. అవన్నీ ఆమెకు సరిపోయాయి. మొత్తం ఏడు సింగిల్స్ టైటిళ్లు నాలుగే ఊళ్లలో వచ్చాయి: పట్టాయాలో మూడు, ఇండియన్ వెల్స్‌లో రెండు, లింజ్‌లో ఒకటి, 2013లో బర్మింగ్‌హామ్ పచ్చిక కోర్టుల మీద ఒకటి. కలిసొచ్చిన చోటే మళ్లీ కలిసొచ్చే రకం ఆమె.

ముప్పై దగ్గరపడ్డాక కూడా పెద్దవాళ్లను ఓడించిందా?

2011 ఫ్రెంచ్ ఓపెన్ మూడో రౌండ్‌లో టాప్ సీడ్ కరోలిన్ వోజ్నియాకీని 6-1, 6-3తో చిత్తు చేసింది. 2013లో, ముప్పై నిండాక, యూఎస్ ఓపెన్ క్వార్టర్స్ చేరి అజరెంకా చేతిలో ఓడింది. అక్కడ అంతకుముందు క్వార్టర్స్ ఆడింది 2002లో. పదకొండేళ్ల తేడాతో మళ్లీ అదే మెట్టు ఎక్కినవాళ్లు ఎంతమంది?

ఎప్పుడు రిటైర్ అయింది? ఎంత సంపాదించింది?

2017 వింబుల్డన్ సమయంలో రిటైర్మెంట్ ప్రకటించింది. మొదటి గ్రాండ్‌స్లామ్ కప్పు అందుకున్న ఊరు కూడా అదే. ప్రైజ్ మనీ మొత్తం కోటి డాలర్లు దాటింది. అందులో కోచ్, ఫిజియో, ప్రయాణాలు, పన్నులు పోతాయి కాబట్టి అదంతా చేతికొచ్చిందనుకోకండి.

ఇప్పుడేం చేస్తోంది?

రిటైరయ్యాక టీవీలో టెన్నిస్ కామెంటరీ, విశ్లేషణ వైపు వెళ్లింది. ఇంగ్లిష్ బాగా వచ్చు, మాట నిదానం, ఆటగాళ్ల మనసులో ఏముందో చెప్పగలదు.

## తరచూ జరిగే వాదనలు

ఇంత ఆట ఉండి సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ ఎందుకు గెలవలేదు?

మొదటి కారణం కాలం. సెరెనా, వీనస్, ఎనాన్, క్లైస్టర్స్, డావెన్‌పోర్ట్, మౌరెస్మో, షరపోవా అందరూ ఆమె మంచి ఏళ్లలోనే ఉన్నారు. రెండోది కదలిక. బంతిని కొట్టడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. బంతి దగ్గరికి చేరడంలో మాత్రం పొడుగు కాళ్లు కాస్త ఆలస్యం చేసేవి, పక్కలకు పరుగెత్తిస్తే ఇబ్బంది పడేది. మూడోది సర్వీస్. ఒత్తిడి వచ్చినప్పుడు రెండో సర్వీస్ మెత్తబడేది. మనసు బలహీనం అని తేల్చేసేవాళ్లతో నేను ఒప్పుకోను. మనసు బలహీనమైన మనిషి స్పెయిన్ వెళ్లి స్పెయిన్ మీద ఫెడ్ కప్ ఫైనల్లో రెండు మ్యాచ్‌లు గెలవదు.

ఆమెను కోర్నికోవాతో పోల్చడం సరైనదేనా?

అందం గురించి రాసేవాళ్ల పోలిక అది. కోర్నికోవా సింగిల్స్‌లో ఒక్క డబ్ల్యూటీఏ టైటిల్ కూడా గెలవలేదు, హంతుఖోవా ఏడు గెలిచింది. అలాగని కోర్నికోవాను తీసిపారేయడమూ అన్యాయమే. హింగిస్‌తో కలిసి రెండు ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ టైటిళ్లు గెలిచింది, అందులో 2002 ఫైనల్లో ఓడింది హంతుఖోవా జంటే.

హంతుఖోవా, చిబుల్కోవా... స్లొవేకియాకు ఎవరు గొప్ప?

సింగిల్స్ చూస్తే చిబుల్కోవాదే పైచేయి అని ఒప్పుకోవాలి. 161 సెంటీమీటర్ల ఎత్తుతో 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడింది. 2016లో సింగపూర్‌లో నంబర్ వన్ కెర్బర్‌ను ఓడించి డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. ర్యాంకు 4 వరకు వెళ్లింది. హంతుఖోవా కంటే ఒక మెట్టు పైన.

అన్ని విభాగాలూ కలిపి చూస్తే నా ఓటు హంతుఖోవాకే. నాలుగు గ్రాండ్‌స్లామ్ మిక్స్‌డ్ టైటిళ్లు, 9 డబుల్స్ టైటిళ్లు, మూడు గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్ ఫైనల్స్ (ఒకటి సాంచెజ్ వికారియోతో, రెండు ఆయ్ సుగియామాతో), ఫెడ్ కప్, హాప్‌మన్ కప్. పైగా చిబుల్కోవా తరం అమ్మాయిలు ఎదుగుతున్న రోజుల్లో టీవీలో కనిపించిన స్లొవాక్ ముఖం ఆమెదే.

ఆమె ఆట ఒక్కటే చూడాలంటే ఏ మ్యాచ్ చూడాలి?

చాలామంది 2002 ఇండియన్ వెల్స్ ఫైనల్ అంటారు. నేనైతే 2008 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్లో ఇవనోవిచ్‌పై మొదటి ఎనిమిది గేమ్‌లు చూడమంటాను. బంతి నేలమీద నుంచి లేస్తుండగానే అందుకోవడం, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌తో లైన్ వెంబడి కొట్టడం, తర్వాతి బంతికి అవతలి మూల ఖాళీగా దొరకడం, అన్నీ అందులో ఉన్నాయి. 6-0, 2-0 దగ్గర ఆపేయండి. మిగతాది కావాలంటే ఇంకో రోజు.